పనికిరాని చెట్లు

జంపక్క ఇప్పపువ్వు ఏరడానికి వాగు దాటుతుండగానే రొద మొదలైంది. కందిరీగల తుట్టె కదిలినట్టు సన్నగా వినిపించి, నాలుగడుగులు వేసేసరికి చెవులు గింగురుమనేంత పెద్దదైంది. వెనకాల బుట్టలు పట్టుకొని వస్తున్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఏందే గది?" అంది బుచ్చమ్మ. డెబ్బై దాటిన మనిషి, ఒక చెవి పూర్తిగా పోయింది. ఆమెకు కూడా వినబడింది.

2005 మార్చి నెల. ఇప్పపువ్వు రాలే రోజులు. దమ్మపేట రోడ్డు దిగి అడవిలోకి మూడు మైళ్లు నడిస్తే తాటివాగు గుంపు వస్తుంది. ఇరవై తొమ్మిది కోయ ఇళ్ల గూడెం. వాగు అవతలి ఒడ్డున ఇప్పవనం. ఏ చెట్టు ఏ ఇంటిదో గుంపులో పసిపిల్లకు కూడా తెలుసు. కంచె లేదు, గుర్తు లేదు. అయినా ఒకరి చెట్టు కింద పువ్వు ఇంకొకరు ఏరరు. జంపక్కవి పదకొండు చెట్లు. భర్త పోయి ఆమె పుట్టింటికి తిరిగొచ్చిన ఏడాది తల్లి చెయ్యి పట్టుకొని తీసుకుపోయి ఒక్కొక్క చెట్టూ చూపించి, "ఇవి నీయి" అంది. అప్పటినుంచి ఇరవై రెండేళ్లు ఆ చెట్లే ఆమెకు అన్నం పెట్టాయి. కరువు ఏళ్లలో ఉడకబెట్టిన ఇప్పపువ్వే రెండు పూటలా తిండి. ఇప్పగింజల పలుకులు ఆడించిన నూనే కూరలోకీ దీపంలోకీ.

ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఏడు చెట్లు నేలమీద ఉన్నాయి.

పువ్వుతోనే పడ్డాయి. ఇంకా రాలని గుత్తులు కొమ్మల కింద చితికి, ఆ తీపి వాసనలో పెట్రోలు వాసన కలిసింది. ఎనిమిదో చెట్టు మొదట్లో ఎవరో మనిషి కోత మిషన్ ఆనించి ఉన్నాడు. జంపక్క వెళ్లి చెట్టుకు వీపు ఆనించి నిలబడింది. అతను ఉలిక్కిపడి మిషన్ ఆపాడు.

"జరుగమ్మా. నాదేముంది, సారు కొయ్యమన్నడు, కోస్తున్న."

"ఏ సారు? పిలువు ఆణ్ణి."

పిలవనక్కర్లేకుండానే ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. కిందికి దిగకుండానే అడిగాడు.

"ఎవరు నువ్వు?"

జంపక్క గొంతెత్తింది. ఆ మాట వాగు ఇవతలి దాకా వినబడింది.

"నేనెవర్నా? నా చెట్టు కాడికొచ్చి, నా చెట్టు పండబెట్టి, నన్నే అడుగుతున్నవా నేనెవర్నని?"

"చెట్టు నీదెట్లయితది? అడవి సర్కారుది. కాగితం కంపెనీకి లీజుకిచ్చిన్రు. ఇదంతా కొట్టేసి జామాయిల్ పెడుతరు. గయినా మమ్మల్నంటవేంది? మీ వన సంరక్షణ సమితే తీర్మానం చేసింది. మీ చైర్మన్ దూలయ్య సంతకం పెట్టిండు. మీ గుంపంతా వేలిముద్రలేసిన్రు. ఇగో."

జేబులోంచి మడతపెట్టిన కాగితాలు తీసి ఊపాడు. జంపక్క ఒక్క అంగలో వెళ్లి అవి లాక్కుంది. వెనక్కి తీసుకుంటాడనుకొని గుప్పిట బిగించింది. అతను నవ్వాడు.

"తీస్కపో. జిరాక్సే అది."

ఆ నవ్వు ఆమెకు చాలా ఏళ్లు గుర్తుండిపోయింది.

దూలయ్య ఆమె సొంత తమ్ముడు. గుంపు పూజారి కూడా అతనే.

*

బడి పంతులమ్మ మహిమ పాల్వంచ నుంచి రోజూ పొద్దుటి బస్సులో వచ్చి, రోడ్డు దగ్గర దిగి నడిచి వస్తుంది. ఆమె వచ్చేదాకా జంపక్క బడి గుమ్మంలో కూర్చుంది. ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. ఎవరూ ఇళ్లకు పోలేదు, పొయ్యి వెలిగించలేదు.

మహిమ కాగితం చూస్తూ చూస్తూ చెమట తుడుచుకుంది. "మొత్తం చదవాల్నా అక్కా?"

"ప్రతి అక్షరం చదువు."

"'తాటివాగు పరిధిలోని అరవై హెక్టార్ల అటవీ ప్రాంతం పూర్తిగా క్షీణించినదై, అందులో నాణ్యమైన కలప ఇచ్చు జాతులు లేకుండుటచేత…'" మహిమ ఆగి అర్థం చెప్పింది. "అంటే అడవి పాడైపోయిందట. మంచి చెట్లు లేవట."

"చెట్ల పేర్లు రాసిన్రా?"

"రాసిన్రు. ఇప్ప, తునికి, మోదుగ, నల్లమద్ది… వీటన్నిటినీ కలిపి ఒక మాట రాసిన్రు."

"ఏం మాట?"

మహిమ తల ఎత్తకుండానే చదివింది. "'ఇతర పనికిరాని చెట్లు.'"

బుచ్చమ్మకు వినబడక పక్కామెను గోకి అడిగింది. పక్కామె చెవిలో అరిచి చెప్పింది. బుచ్చమ్మ లేచి గుమ్మం బయటికి పోయి కాండ్రించి ఉమ్మింది.

"ఇంక ముద్రలు చూడు" అంది జంపక్క. "ఎవరెవరియి ఉన్నయో చదువు."

దూలయ్య సంతకం కింద వరుసగా వేలిముద్రలు, పక్కన పేర్లు. మహిమ ఒక్కొక్కటే చదువుతుంటే పేరు వినబడిన మనిషల్లా ఉలిక్కిపడింది. పద్నాలుగో పేరు జంపక్కది.

"నేనెయ్యలే" అంది జంపక్క. అంటూనే గుర్తొచ్చింది. సంక్రాంతి పోయాక పదిహేను రోజులకు దోమతెరలు పంచారు. జీపు దగ్గర వరుసలో నిలబెట్టి, తెర చేతికిచ్చి, కాగితం మీద వేలు పెట్టించుకున్నారు. దోమతెర ముట్టినట్టు ముద్ర అన్నారు. ఆ రోజు ఆమె వేలు పట్టుకొని సిరా పెట్టె మీద అద్దింది దూలయ్యే.

కోపం వచ్చినప్పుడు జంపక్క అరుస్తుంది. గుంపులో అందరికీ తెలుసు. ఆ పూట అరవలేదు. కాగితాలు మడిచి రవికెలో పెట్టుకొని తమ్ముడి ఇంటివైపు నడిచింది.

*

దూలయ్య గడప మీద కూర్చొని కొత్త ఖాకీ చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. జామాయిల్ తోటకు వాచర్ ఉద్యోగం ఇచ్చారు. అక్కను చూసి సూది పక్కన పెట్టాడు.

"అక్కా, కూసో."

"కూసుంటందుకు రాలే. పువ్వు మీదున్న చెట్టును కొట్టమని సంతకం పెట్టినవా లేదా? గది చెప్పు."

"నేను చదివిన్నా అక్కా? బోరింగేస్తం, రోడ్డేస్తం అన్నరు. పాత చెట్లు నాలుగు తీస్తరనుకున్న…"

"అబద్ధం."

దూలయ్య తల దించుకున్నాడు. తన కుడిచేతిని ముందుకు చాపాడు. చూపుడు వేలూ నడిమి వేలూ వంకరగా, ముడుచుకోకుండా ఉన్నాయి. మూడేళ్ల కిందట పోడు సాగుకు అడవి కొట్టాడని ఫారెస్టువాళ్లు పట్టుకుపోయి, ఒక రోజంతా కట్టేసి కొట్టి విరిచిన వేళ్లు అవి.

"ఆ కేసు ఇంక కొట్టెయ్యలే" అన్నాడు. "సంతకం పెడితే తీసేస్తం అన్నరు. లేకుంటే ఈపారి ఎడమచెయ్యి అన్నరు. నవ్వుకుంటనే అన్నరక్కా. నాకు భయమైంది."

ఆమె ఆ వేళ్లు చూసింది. వాటికి ఆకుపసరు కట్టింది తనే. జాలి కలిగింది. ఆ జాలి మీద మరింత కోపం వచ్చింది. కొట్టినవాళ్ల మీద, భయపడ్డ తమ్ముడి మీద, అడగకుండా వేలు చాపిన తన మీద. ముగ్గురి మీదా ఒకేసారి వస్తే ఎటు తిప్పుకోవాలో ఆమెకు తెలియలేదు.

"నాతోని ఒక్క మాట చెప్పినవా? చెప్పుంటే గుంపంతా నీ ముందర నిలబడేది. నువ్వు నీ చెయ్యి కాపాడుకున్నవ్. గుంపు నోరు కొట్టినవ్. ఇయ్యాల్టి సంది నన్ను అక్కా అనకు."

దూలయ్య భార్య లోపలినుంచి మంచినీళ్ల చెంబు తెచ్చి నిలబడింది. జంపక్క తాగలేదు.

*

నెల తిరక్కుండా వనం ఖాళీ అయింది. లారీలు దుంగలు ఎత్తుకుపోయాయి. పొట్టి మోడులు మాత్రం మిగిలాయి, వాటిమీద చెత్త పోగేసి నిప్పుపెట్టారు. వేసవి తిండికి గుంపులో ఇప్పపువ్వు లేదు. మేకలు వాగు దాటిపోయి నీడ లేక తిరిగొచ్చేవి. కలెక్టరాఫీసుకు మహిమ చేత రెండు అర్జీలు రాయించారు. జవాబు రాలేదు. మే నెలాఖరుకు గుంతలు తవ్వారు. నల్లకవర్లలో జామాయిల్ మొక్కలు ట్రాక్టర్ల మీద దిగాయి. తొలకరికి నాటడం మొదలుపెట్టి నాలుగు రోజుల్లో సగం పూర్తిచేశారు.

విత్తనాల పండుగ దగ్గరపడింది. కోయ గుంపుల్లో ఆ పండుగ కాకుండా ఎవరూ గింజ నేలలో వెయ్యరు. ఇంటింటి నుంచీ జొన్న, సామ, కంది, బొబ్బర్ల గింజలు తెచ్చి వేల్పు ముందు ఒకే రాశి పోస్తారు. పూజారి అన్నీ కలిపి మళ్లీ పంచుతాడు. ఉన్నవాడి గింజా లేనివాడి గింజా కలిసిపోతాయి. పూజారి ఆ వంశపు మగవాడే కావాలి. తాటివాగులో ఆ వంశానికి మిగిలింది దూలయ్య ఒక్కడే.

కూడలిలో గుంపంతా కూర్చున్నారు. దూలయ్య దూరంగా, పాక స్తంభం పక్కన నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

"గా చేత్తోని గింజ ముట్టనియ్యద్దు" అన్నాడు పెద్దమనిషి జంపయ్య. "అడవిని అమ్మిన చెయ్యి గది."

"అయితే పండుగెట్ల?" అన్నారు ఎవరో.

"వాగు పైన గుంపు నుంచి పూజారిని తోలుకొద్దాం."

"ఆ వేల్పు వేరు, మన వేల్పు వేరు. ఆయన ముట్టడు."

"ఈ ఏడు పండుగ లేకుంటనే ఇత్తుదాం" అంది ఒక చిన్నకోడలు. బుచ్చమ్మ ఆమె వైపు చూసిన చూపుకు ఆ పిల్ల పైట నోట్లో కుక్కుకుంది.

జంపక్క లేచింది. మూడు నెలలుగా తమ్ముడితో మాట్లాడని మనిషి. అందరూ ఆమె జంపయ్య మాటే అంటుందనుకున్నారు.

"పండుగ ఆపితే ఎవరికి సంతోషం? గా నవ్విన సారుకు" అంది. "చెట్లు పోయినయ్. పండుగ కూడా మనమే పోగొట్టుకుందామా? పండుగ చెయ్యాలె. వీడే చెయ్యాలె. కాని గీ కూడల్ల కాదు. వాగు అవతల, కాలిన మోడుల నడుమ చెయ్యాలె. మొక్కలు పీకేసి, ఆడనే కలిపి, ఆడనే చల్లుదాం."

గుంపులో కలకలం లేచింది. కేసులవుతాయన్నారు. జైలన్నారు. జంపక్క ఎవరికీ జవాబు చెప్పలేదు. మొదటిసారి తమ్ముడి వైపు తిరిగింది.

"చేస్తవా? చెయ్యనంటే ఇప్పుడే చెప్పు. ఖాకీ చొక్కా తొడుక్కొని పోయి ఆళ్ల మొక్కలు కాసుకో."

దూలయ్య తన కుడిచేతి వేళ్ల వైపు చూసుకున్నాడు. "కొడతరు" అన్నాడు.

"అవ్, కొడతరు. ఈపారి ఒక్కనివి ఉండవు."

*

ఆదివారం తెల్లవారగానే గుంపంతా వాగు దాటింది. ముసలివాళ్లూ వచ్చారు. పిల్లల్ని బుచ్చమ్మ ఇంట్లో వదిలిపెడదామంటే, బుచ్చమ్మే చంకలో గింజల చేట పెట్టుకొని అందరికన్నా ముందు నడుస్తోంది.

నాటిన మొక్కలు జానెడెత్తు ఉన్నాయి. ఆడవాళ్లు వరుసకొకరు నిలబడ్డారు. జంపక్క వంగి మొదటి మొక్క పీకింది. మెత్తటి వేళ్లు, తడి మట్టితో తేలిగ్గా వచ్చేసింది. ఆకు నలిగి దవాఖానా వాసన కొట్టింది. దానిమీద ఆమెకేమీ కోపం లేదు. దానిదేం తప్పు? కాని చెయ్యి ఆగలేదు. రెండోది, పదోది, నలభయ్యోది. ఎవరూ పాట పాడలేదు, మాట్లాడుకోలేదు. వేళ్లు తెగే చప్పుడు మాత్రం వినబడింది. పొద్దు బారెడెక్కేసరికి నాటినంత మేరా ఖాళీ చేశారు.

దూలయ్య పంచె కట్టుకొని వచ్చాడు. ఖాకీ చొక్కా లేదు. నల్లగా కాలిన పెద్ద మోడు ముందు నేల అలికి, ఇంటింటి గింజలూ రాశిగా పోయించాడు. వంగని రెండు వేళ్లతోనే గింజలు కలపడం మొదలుపెట్టాడు. కోయ మాటల్లో తాతల పేర్లు ఒక్కొక్కటే తలుస్తూ, వాళ్ల తాతల పేర్లు తలుస్తూ.

అప్పుడే రెండు జీపులు వచ్చాయి. సెక్షన్ ఆఫీసరు, కంపెనీ మనుషులు పదిమంది, వెనకాల పోలీసులు.

"దూలయ్యా! నువ్వు వాచర్‌వా, దొంగవా? లే అక్కణ్ణుంచి!"

దూలయ్య భుజాలు ముడుచుకుపోయాయి. కాని లేవలేదు. తలిచే పేరు మధ్యలో ఆగింది, గొంతు సవరించుకొని మళ్లీ అందుకున్నాడు.

"చెవుడా నీకు? నీ కేసు ఇంక నా చేతిలనే ఉన్నది!"

"ఉండనీ" అన్నాడు దూలయ్య. అంత చిన్నగా అన్నాడు, పక్కనున్న జంపక్కకు మాత్రమే వినబడింది.

ఆఫీసరు ఆడవాళ్లను తోసుకుంటూ వచ్చి బూటుకాలితో గింజల రాశిని తన్నాడు.

సామలు, జొన్నలు బూడిదలోకీ బురదలోకీ ఎగిరిపడ్డాయి. అది అన్నాన్ని తన్నినట్టు కూడా కాదు. అన్నం ఒక పూటది. ఆ రాశిలో ఇరవై తొమ్మిది ఇళ్ల వచ్చే ఏటి బతుకు ఉంది, తలిచిన తాతలందరూ ఉన్నారు.

జంపక్క అతని చొక్కా పట్టుకుంది. యాభై ఏళ్ల మనిషి, అతని భుజం దాకా కూడా రాదు. పట్టుకొని కిందికి గుంజితే అతను మోకాళ్ల మీద బురదలో పడ్డాడు.

"ఏరు!" అని అరిచింది. "ఒక్కొక్క గింజ ఏరు! పనికిరాని చెట్లంటివి. పనికిరాని మనుషులమంటివి. నీ అవ్వ గింజ తినకుంటనే నిన్ను పెంచిందా? ఏరు!"

తర్వాతంతా లాఠీలే. బుచ్చమ్మ తలమీద పడిన దెబ్బకు రక్తం కారి చీర తడిసింది. జంపక్క మీదికి లాఠీ లేచినప్పుడు దూలయ్య అడ్డం వచ్చాడు. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర టప్పున విరిగింది. అంత గొడవలోనూ చిన్నకోడళ్లు నలుగురు బురదలోంచి గింజలు దోసిళ్లతో ఎత్తి, మట్టితో సహా ఆ నేలంతా విసురుతూ పరుగెత్తారు. వాళ్లను పట్టుకోవడానికి వెనకాల పరుగెత్తిన బూట్లే ఆ గింజల్ని నేలలోకి తొక్కాయి.

*

పదిహేడు మంది ఆడవాళ్లనూ దూలయ్యనూ పట్టుకుపోయారు. జైల్లో పన్నెండు రోజులు ఉన్నారు. మొక్కల విధ్వంసం, ప్రభుత్వోద్యోగి మీద దాడి, ఇంకా ఏవేవో సెక్షన్లు రాశారు. జామీను కోసం పాల్వంచలో వకీలును మాట్లాడి, కాగితాల కోసం తిరిగింది మహిమే. తిరిగినందుకు ఆమెను ఎక్కడో మణుగూరు అవతలి బడికి బదిలీ చేశారు. పోతూ పోతూ గుంపులో ఎనిమిది మంది ఆడవాళ్లకు పేర్లు రాయడం నేర్పిపోయింది.

వాళ్లు బయటికి వచ్చేసరికి కంపెనీ వాగు వైపు సగం నేలలో మళ్లీ జామాయిల్ నాటించి ముళ్లకంచె వేసింది. రెండో సగంలోకి కూలీలెవరూ రాలేదు. చుట్టుపక్కల గుంపుల వాళ్లూ, తండా వాళ్లూ రామన్నారు. అక్కడ జొన్న మొలిచింది. నాగలి వెంట విత్తినట్టు వరుసల్లో కాదు, పడ్డచోటల్లా, మోడుల చుట్టూ, గుంతల్లో, చిందరవందరగా. ఆ ఏడు పంట తక్కువే. అయినా కోసి ఇంటింటికీ పంచుకున్నారు.

బుచ్చమ్మ తల గాయం మానలేదు. చలికాలంలో చనిపోయింది. దెబ్బ వల్ల కాదని, వయసు వల్లని దవాఖానా కాగితంలో రాశారు. ఆ కాగితం ఎవరూ తీసుకోలేదు.

అక్కాతమ్ముళ్లు కలిసిపోయారని గుంపులో అనుకున్నారు. అది నిజం కాదు. జంపక్క అతని మణికట్టుకు కట్టు కట్టింది, జైలునుంచి వచ్చాక నెల రోజులు సంకటి పంపింది. విత్తనాల పండుగనాడు అతని చేతి గింజలు కొంగు పట్టి అందుకుంటుంది. కొత్తగూడెం కోర్టు వాయిదాలకు ఇద్దరూ ఒకే బస్సులో పోయి ఒకే బస్సులో వస్తారు. ఒకసారి బస్సులో దూలయ్య అడిగాడు.

"ఇంక నా మీద కోపం పోలేదా అక్కా?"

"పోలే" అంది కిటికీలోంచి చూస్తూ. "పోతే నాకు చెప్పబుద్ధయితది, చెప్త. టికెట్ తీసుకున్నవా?"

2008లో అటవీ హక్కుల చట్టం కింద సర్వే చెయ్యడానికి మనుషులు వచ్చారు. జొన్న ఉన్న సగం కొలిచి రాసుకున్నారు. జామాయిల్ ఉన్న సగం దగ్గర ఆగి, ఇది కంపెనీ తోట, ఇక్కడ మీ అనుభవం ఉన్నట్టు ఆధారమేదన్నారు. ఇప్పచెట్లుండేవని జంపక్క చెప్పింది. చెట్లేవీ అన్నాడు సర్వేయరు. ఆమె అతన్ని కంచె దాటించి, జామాయిల్ సందుల్లో మోడు మోడు దగ్గరికీ తిప్పి, ఇది ఎవరిది, ఇది ఎవరిది అని నూట ముప్పై మోడులకు పేర్లు చెప్పింది. అతను అలిసిపోయి కూర్చున్నాడు. ఆమె కూర్చోనియ్యలేదు. అయినా కాగితంలో సగమే రాశాడు.

మరుసటి ఏడు జామాయిల్ కోతకు వచ్చింది. అవే మిషన్లు, అదే రొద. గుంపు ఆడవాళ్లు ఒడ్డున కూర్చొని చూశారు. ఎవరూ అడ్డం పోలేదు. మూడు రోజుల్లో కలపంతా లారీలకెత్తి కంపెనీ మనుషులు వెళ్లిపోయారు, వానలకు మళ్లీ వచ్చి నాటుతామని.

నాలుగో రోజు పొద్దున జంపక్క గడ్డపార భుజాన వేసుకొని కంచె తీగ కాలితో తొక్కి అవతలికి దిగింది. జామాయిల్ మోడు పిలకలు వెయ్యకుండా వేరుతో పెకిలించాలంటే మనిషికి పూటకు రెండో మూడో అవుతాయి. వెనకాల ముప్పై మంది దిగారు, వాళ్లలో దూలయ్య కూడా. వానలు పడేలోపు అయిదు వందల మోడులు తీశారు, ఇంకా వేల మోడులు మిగిలాయి. వాళ్లమీద కొత్త కేసు రాశారు. పాత కేసు వాయిదా నాడే దీనికీ వాయిదా వేయించమని జంపక్క వకీలుతో పోట్లాడింది, మోడుల పని చెడకూడదని.